కాగితంలో రాతిపొడి: కరువు సీమ వేయాల్సిన లెక్క

చిత్రావతి ఒడ్డునే ఉన్నా గోరంట్లకు నీటి ధీమా లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదైనా వేరుశనగ విత్తే అదనుకు పడుతుందన్న భరోసా లేదు. ఇలాంటి నేల మీద కాగితం మిల్లు పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. తెలుగు నేల మీది పెద్ద మిల్లులన్నీ నీటిని వెతుక్కుంటూ వెళ్లినవే. కర్ణాటిక్ పేపర్ మిల్స్‌గా మొదలై చేతులు మారుతూ నేడు ఆంధ్రా పేపర్‌గా ఉన్న రాజమహేంద్రవరం మిల్లు గోదావరి పక్కన ఉంది. సారపాకలోని ఐటీసీ మిల్లూ గోదావరి పక్కనే. కర్నూలు దగ్గర గొందిపర్లలో ఒకప్పుడు నడిచిన రాయలసీమ పేపర్ మిల్లు తుంగభద్రను నమ్ముకుంది. కాగితం తయారు చేయలేని గోరంట్ల లాంటి ఊళ్లు కాగితం వాడకుండా మాత్రం లేవు. బడి పుస్తకం నుంచి పట్టాదారు పాసు పుస్తకం దాకా ఇక్కడికి వచ్చే ప్రతి పుటా ఎక్కడో ఒక నది నీటిని, ఎవరో ఒక రైతు చేలో కలపను మోసుకొస్తుంది. అందుకే కాగితంలో కలప గుజ్జుకు బదులు కొంత రాతిపొడి కలపడం, మిల్లుల భాషలో ఫిల్లర్ వాడకం, కరువు సీమ పట్టించుకోవాల్సిన విషయం. ఆ పొడి నిజంగానే కలపను, నీటిని, ఆవిరిని ఆదా చేస్తుంది. కాకపోతే ఆ ఆదాను టన్నుల్లో చూపించే అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఒక్కో పేజీకి ఎంత గుజ్జు పట్టింది, ఆ పేజీ ఎన్నాళ్లు నిలిచింది, దానికోసం రాయి తవ్విన చోట ఏం జరిగింది అన్న మూడు లెక్కలూ కలిస్తేనే ఫిల్లర్‌ను పర్యావరణ మేలు అనగలం.

ముందు అది చేసే పని చూద్దాం. కాగితం అంటే కలప నారల అల్లిక. నారకూ నారకూ మధ్య ఖాళీలుంటాయి. సున్నపురాయి పొడి, చైనా క్లే అనే తెల్ల సుద్ద మట్టి, బలపపు రాయి పొడి వంటి మెత్తని ఖనిజ రేణువులు ఆ ఖాళీల్లో చేరతాయి. రేణువులు మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి గనుక కాంతిని అనేక దిక్కులకు చెదరగొడతాయి. దాంతో కాగితం తెల్లగా కనిపిస్తుంది, నునుపుదేరుతుంది, సిరాను సమంగా పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, వెనక పేజీలోని అచ్చు ముందుకు తొంగిచూడదు. తెలుగు పుస్తకాలకు ఈ చివరి గుణం ఎంత అవసరమో మనం పెద్దగా మాట్లాడుకోం. మన లిపిలో అక్షరం మీద గుడి, దీర్ఘం, కింద ఒత్తు, పక్కన సున్న ఉంటాయి. వెనక పుటలోని ఒత్తు మసక నీడగా ముందుకొచ్చిందంటే కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడు దాన్ని ఈ వైపు అక్షరానికే తగిలించి చదువుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకవైపు తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాక పుస్తకాలు లావయ్యాయి. పలుచని కాగితం వాడాలన్న ఒత్తిడి పెరిగింది. పలుచని కాగితం మీద రెండు వైపులా అచ్చు శుభ్రంగా నిలవాలంటే గుజ్జు ఒక్కదానితో అయ్యే పని కాదు. ఫిల్లర్ ఉండాల్సిందే.

ఇప్పుడు ఆదా సంగతి. రాత కాగితానికి వాడే తెల్లబరచిన రసాయన గుజ్జు ఒక టన్ను రావాలంటే రెండు టన్నులకు పైగా ఎండు కలప కావాలి. కలపలో సగానికి పైగా భాగం వంటలోనే కరిగిపోతుంది. చదరపు మీటరు 70 గ్రాములు తూగే కాగితంలో పది శాతం ఫిల్లర్ ఉంటే నార 63 గ్రాములు. అదే పనికి 60 గ్రాముల కాగితం చాలేలా చేసి, అందులో ఫిల్లర్‌ను ఇరవై శాతానికి తీసుకెళ్తే నార 48 గ్రాములకు దిగుతుంది. అంటే పేజీకి దాదాపు నాలుగో వంతు గుజ్జు తగ్గుతుంది. మిల్లులో నీటి ఖర్చులో పెద్ద భాగం గుజ్జు ఉడికించి, కడిగి, తెల్లబరిచే దశలదే కాబట్టి ఆ మేరకు నీరూ మిగులుతుంది. నార తన ఒంట్లోకి నీటిని పీల్చుకుంటుంది, రాతి రేణువు పీల్చుకోదు. అందువల్ల ప్రెస్ రోలర్ల నుంచి బయటికొచ్చే తడి కాగితంలో నీరు తక్కువగా ఉంటుంది, ఆరబెట్టడానికి ఆవిరీ తక్కువే పడుతుంది. కలప విషయానికొస్తే గోరంట్ల నుంచి సరిహద్దు దాటితే కనిపించే చిక్కబళ్లాపూర్, కోలారు జిల్లాల అనుభవం చాలు. అక్కడ పొలాలకు పొలాలు నీలగిరి తోటలయ్యాయి. భూగర్భ జలాలు అడుగంటుతున్నాయన్న ఆందోళనతో 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. నీలగిరి ఒక్కటే బోర్లను ఎండగట్టిందనడం సరికాదు, బోర్ల మీద బోర్లు వేసిన మన తొందరపాటూ అందులో ఉంది. కానీ వాన తక్కువున్న పీఠభూమిలో గుజ్జు కలప గిరాకీ పెరగకుండా చూసుకోవడం తెలివైన పని అనడానికి ఆ అనుభవాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఇక్కడే ఒక మాయ దాగి ఉంది. మిల్లులు తమ నీటి వాడకాన్ని టన్ను కాగితానికి ఇన్ని ఘనపు మీటర్లు అని చెబుతాయి. ఆ టన్నులో రాతిపొడి వాటా పెరిగిందనుకోండి, గుజ్జు విభాగంలో ఒక్క పంపు మార్చకపోయినా, ఒక్క కడుగుడు దశ మెరుగుపడకపోయినా అంకె దిగిపోతుంది. భాగహారంలో కింద ఉండే బరువులో రాయి చేరింది, రాయికి వంట లేదు, కడుగు లేదు. పేజీ మునుపటిలాగే పనికొస్తే అది నిజమైన ఆదానే, దాన్ని తప్పుపట్టలేం. కానీ అది ఫిల్లర్ తెచ్చిన ఆదా. గుజ్జు విభాగం పొదుపు నేర్చుకున్నందుకు వచ్చింది కాదు. ఈ రెండూ ఒకే అంకెలో కలిసిపోతే ఏ మిల్లు నీటిని నిజంగా జాగ్రత్తగా వాడుతోందో తేలదు. కాబట్టి టన్ను కాగితానికి ఎంత నీరన్న అంకె పక్కనే టన్ను గుజ్జుకు ఎంత నీరన్న అంకె కూడా వెల్లడించాలని నియంత్రణ సంస్థలు అడగాలి. ఇది కొత్త పరికరాలు అడగని, కొత్త ఖర్చు లేని నిబంధన. పర్యావరణ నివేదికల్లో ఇది ఇప్పటికీ తప్పనిసరి కాకపోవడం సమర్థించలేని విషయం.

ఫిల్లర్ అనగానే మొదట వచ్చే అభ్యంతరం, అది కల్తీ అని. ఈ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. సాధారణంగా రాతిపొడి గుజ్జు కన్నా చవక. కాగితం కిలోల లెక్కన అమ్ముడవుతుంది. చవకైన బరువు కలిపి ఖరీదైన బరువు ధర రాబట్టుకోవచ్చన్న ఆశ మిల్లుకు ఉండదని ఎవరం హామీ ఇవ్వలేం. బియ్యంలో రాళ్లు కలిపినట్టే కదా అని కొనేవాడికి అనిపిస్తే అతణ్ని తప్పుపట్టలేం కూడా. కానీ బియ్యంలో రాయి అన్నానికి పనికిరాదు, కాగితంలో ఫిల్లర్ చదువుకు పనికొస్తుంది. తేడా అక్కడుంది. అసలు దోషం పదార్థంలో లేదు, తూకంలో ఉంది. కాగితాన్ని కిలోల్లో కాకుండా నిర్ణీత గుణాలున్న పుటల సంఖ్యలో కొంటే అనవసరంగా బరువు పెంచడం వల్ల మిల్లుకు వచ్చే లాభమేమీ ఉండదు. టన్ను 70 గ్రాముల కాగితంలో సుమారు 14,286 చదరపు మీటర్లు వస్తాయి, 60 గ్రాముల కాగితంలో 16,667. కొనేవాడు చదరపు మీటరు చొప్పున ధర కట్టినప్పుడు మిల్లు తేలికైన, బలమైన కాగితం వైపు తనంతట తానే మళ్లుతుంది. నార ఎంత, రాయి ఎంత అన్న తగాదా అప్పుడు దానంతటదే సర్దుకుంటుంది.

రెండో అభ్యంతరం బలం గురించి. ఇది మొదటిదానికన్నా గట్టిది. కాగితం బలమంతా నారకూ నారకూ మధ్య కుదిరే బంధంలో ఉంది. మధ్యలో రేణువు చేరితే ఆ బంధం కొంత తెగుతుంది. ఫిల్లర్ పెరిగేకొద్దీ కాగితం చిరిగిపోయే గుణం పెరుగుతుంది, బిరుసు తగ్గి వేలాడుతుంది, అచ్చు యంత్రం మీద పొడి రాలుస్తుంది. రాయి సాంద్రత నార కన్నా చాలా ఎక్కువ కాబట్టి అదే బరువులో కాగితం పలుచనవుతుంది. ఉపరితలం మీద గంజి పట్టించడం, గుజ్జును ఇంకా నలగ్గొట్టడం, రేణువులను నారకు అంటిపెట్టే పాలిమర్లు వాడటం వంటి ఉపాయాలున్నాయి. వాటిలో నలగ్గొట్టడానికి కరెంటు ఖర్చవుతుంది, పాలిమర్లకు డబ్బు. నిలవని రేణువులు కాగితం పొర ఏర్పడే జల్లెడ లాంటి వైరు గుండా జారి, కింద వడిసే బ్యాక్‌వాటర్‌లో కలుస్తాయి, అక్కడి నుంచి వ్యర్థ బురదలోకి చేరతాయి. అంటే ఫిల్లర్ వాటాకు ఒక హద్దుంది, ఆ హద్దు అన్ని కాగితాలకూ ఒకటి కాదు. సిమెంటు సంచికీ, టమాటా పెట్టెకూ బలమే ప్రాణం, అక్కడ రాతిపొడికి చోటు దాదాపు లేదు. ఏడాదంతా సంచిలో నలిగే బడి పుస్తకానికి మధ్యస్తంగా ఉండాలి. ఒకసారి చదివి పక్కన పడేసే కరపత్రానికి ఎక్కువైనా నష్టం లేదు. సంక్రాంతి సెలవులకే అట్టలూడి పేజీలు చిరిగే పాఠ్యపుస్తకంలో ఎంత గుజ్జు ఆదా చేసినా, మరో పుస్తకం అచ్చువేయాల్సి వస్తే ఆ ఆదా మొత్తం ఎగిరిపోతుంది. అందుకే పేజీ ఎన్నాళ్లు నిలిచిందన్నది లెక్కలో ఉండాలంటున్నాను.

నిలవడం గురించి మాట్లాడేటప్పుడు ఏ రాయి అన్నది కీలకం. ఈ విషయంలో కాగితం పరిశ్రమ చరిత్ర మనకు పెద్ద పాఠమే. పందొమ్మిదో శతాబ్దం నుంచి చాలాకాలం పాటు సిరా పాకకుండా కాగితానికి రోజన్ జిగురు, పటిక పట్టించేవారు. పటిక ఆమ్లాన్నిస్తుంది. ఆమ్లంలో సున్నపురాయి పొడి కరిగి బుడగలు కక్కుతుంది. అందువల్ల ఆమ్ల పద్ధతిలో కాగితం చేసే మిల్లులు ఆమ్లానికి చలించని బలపపు రాయి పొడిని, తెల్ల సుద్ద మట్టిని వాడాయి. మన దేశపు మిల్లుల్లో బలపపు రాయి పొడికి అంత ప్రాధాన్యం రావడానికి కారణమదే. ఆ కాగితం ఏమైందో చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, కడప బ్రౌన్ గ్రంథాలయం వంటి చోట్ల దాచిన పాత పత్రికల తరం గుర్తుకు తెచ్చుకుంటే చాలు. గత శతాబ్దపు తెలుగు పత్రికలు పసుపుబారి, మడతపెడితే విరిగిపోయే స్థితికి రావడంలో వాతావరణం పాత్ర ఎంతున్నా, కాగితంలోనే ఇమిడిన ఆమ్లం పాత్ర తక్కువేం కాదు. గత శతాబ్దం నడిమి దశాబ్దాల్లో అమెరికాలో పాత పత్రాల పరిరక్షకుడు విలియం బారో చేసిన పరీక్షలు ఈ సంగతిని నిలబెట్టాయి. 1950లలో ఏకేడీ అనే కొత్త జిగురు వచ్చాక ఆమ్లం అక్కర్లేకుండా కాగితం చేయడం సాధ్యమైంది. అప్పుడు సున్నపురాయి పొడికి తలుపులు తెరుచుకున్నాయి. ఆ పొడి కాగితంలో ఉన్నంతకాలం గాలి నుంచి చేరే ఆమ్లాన్ని విరుస్తుంది. శాశ్వత కాగితానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 9706 కనీసం రెండు శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారం ఉండాలని అడుగుతోంది. కలపను ఆదా చేసే పదార్థమే పుస్తకం ఆయుష్షును కూడా పెంచడం అరుదైన విషయం. ఫిల్లర్‌ను సమర్థించడానికి నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే కారణం ఇదే. ఇది సున్నపురాయి జాతి ఫిల్లర్‌కే వర్తిస్తుందనీ, బలపపు రాయికి వర్తించదనీ కూడా అంతే స్పష్టంగా చెప్పాలి.

బొగ్గుపులుసు వాయువును బంధించే ఫిల్లర్ అన్న ప్రచారం ఇంకొకటి ఉంది. సున్నం నీళ్లలోకి మిల్లు పొగగొట్టం నుంచి వచ్చే వాయువును పంపి, కాల్షియం కార్బొనేట్‌ను అవక్షేపంగా తీసే పద్ధతి ఇది. మిల్లు పక్కనే చిన్న యూనిట్ పెట్టి ఇలా తయారుచేయడం 1980ల నుంచి ప్రపంచమంతా వ్యాపించింది. సాంకేతికంగా మంచి పద్ధతే, రేణువు ఆకారాన్ని మనకు కావలసినట్టు మలుచుకోవచ్చు. కానీ వంద కిలోల ఈ పొడిలో బంధించబడే 44 కిలోల వాయువు, మొదట సున్నపురాయిని కాల్చి సున్నం చేసినప్పుడు బయటికి పోయిన 44 కిలోలే. పైగా బట్టీ కాల్చిన ఇంధనం పొగ అదనం. రాయిని కాల్చకుండా ఉత్తగా నూరిన పొడికి ఈ చుట్టు తిరుగుడు లేదు. మేలు చేయని దాన్ని మేలుగా చూపించడం వల్ల నిజంగా మేలు చేసే దాని మీద కూడా జనానికి నమ్మకం పోతుంది.

పాత కాగితాన్ని తిరిగి గుజ్జుగా మార్చేటప్పుడు ఫిల్లర్ చాలావరకు బురదలోకి పోతుందన్నదీ నిజమే. రాతి వాటా ఎక్కువైతే కిలో పాత కాగితం నుంచి వచ్చే నార తగ్గుతుంది. ఆ బురదను ఇటుకల్లో, సిమెంటులో కలిపే మార్గాలున్నాయి, ఆ ఖర్చు మిల్లే భరించాలి.

ఇక రాయి ఎక్కడిదన్న ప్రశ్నకు వద్దాం. అనంతపురం అంతా రాయేగా, ఆ రాయిని పొడిచేసి పంపితే సరిపోదా అని తేలిగ్గా అనేవాళ్లున్నారు. సరిపోదు. గోరంట్ల చుట్టూ ఉన్న గుట్టలు గ్రానైటు, దాని బంధువులైన నైస్ శిలలు. వాటిలో ఉండే స్ఫటికం గట్టిదనపు కొలమానంలో ఏడో మెట్టు మీద ఉంది, సున్నపురాయి మూడో మెట్టు, బలపపు రాయి మొదటి మెట్టు. గ్రానైటు పొడి కలిపిన గుజ్జు పేపర్ మెషీన్ వైరును, అచ్చు పలకలను, కాగితం కోసే కత్తులను అరగదీస్తుంది. తాడిపత్రి నాపరాయి సున్నపురాయే అయినా బూడిద రంగుది, అందులో సిలికా కలిసి ఉంటుంది. అది గచ్చుకు, సిమెంటుకు పనికొస్తుంది, తెల్లకాగితానికి కాదు. రాయలసీమలో కాగితానికి దగ్గరగా వచ్చేది బేతంచెర్ల, తాడిపత్రి వైపు దొరికే బలపపు రాయి, అక్కడక్కడా దొరికే తెల్ల కాల్సైట్. కడప శిలా ప్రాంతంలోని వేంపల్లె డోలమైట్ పొరల్లోకి డోలరైట్ చొచ్చుకొచ్చిన చోట ఈ బలపపు రాయి పుట్టింది. పులివెందుల వైపు రాతినార అనే ఆస్‌బెస్టాస్ కూడా అదే చర్యలో పుట్టింది. పిల్లలు పలక మీద రాసిన బలపం, ఊపిరితిత్తులను తినేసే రాతినార ఒకే తల్లి రాయి సంతానం. కాబట్టి కాగితానికి వెళ్లే ప్రతి గని సరుకుకూ రాతినార పరీక్ష జరగాలి. ఈ షరతు లేకుండా రాయలసీమ బలపపు రాయిని ఎవరూ గొప్పగా చెప్పుకోకూడదు.

గనికన్నా నాకు ఎక్కువ బెంగ కలిగించేది పొడి కొట్టే మిల్లులు. రాయిని పిండిచేసే చోట లేచే దుమ్ములో స్ఫటికం ఉంటే సిలికోసిస్ వస్తుంది. ఆ జబ్బుకు మందు లేదు. కూలికి వచ్చే మనుషుల్లో కరువుకు పొలం వదిలేసిన కుటుంబాల వాళ్లు ఉంటారు. వాళ్లు రెండేళ్లు ఒకచోట, మూడేళ్లు ఇంకోచోట పనిచేస్తారు, ఏ రికార్డులోనూ నిలవరు. దగ్గు ముదిరే సరికి వాళ్లు ఎక్కడ దుమ్ము పీల్చారో రుజువు చేయడం అసాధ్యమవుతుంది. విశాఖలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని పచ్చని కాగితం కొన్నామని సంతోషించే సంస్థ లెక్కలోకి ఈ ఊపిరితిత్తులు రాకపోతే ఆ లెక్క అబద్ధం. దుమ్ము పీల్చుకునే యంత్రాలు, మూసిన కన్వేయర్లు, ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఊరు మారినా వెంట వచ్చే ఆరోగ్య కార్డు కొత్త సంగతులేమీ కావు. కొనే మిల్లు వాటిని కొనుగోలు షరతుగా పెడితే మూడు నెలల్లో అమలవుతాయి.

సీమ రాయికి మంచి ధర రావాలనుకుంటే ఒక విషయం సూటిగా చూడాలి. కాగితం స్థాయి పొడికి రేణువుల్లో ఎక్కువ భాగం రెండు మైక్రాన్ల కన్నా చిన్నవి కావాలి. దానికి నీళ్లలో తడిపి నూరే మిల్లులు కావాలి. నీరు లేని పీఠభూమిలో ఆ దశ పెట్టడం అర్థం లేని పని. రాయిని ఏరడం, రంగును బట్టి వేరుచేయడం, పొడిగా నలగ్గొట్టడం ఇక్కడ జరగాలి. తడి నూరుడు గోదావరి పక్కన కాగితం మిల్లు ఆవరణలోనే జరగాలి, అక్కడైతే మిల్లు బ్యాక్‌వాటర్‌నే మళ్లీ వాడుకోవచ్చు. అప్పుడు లారీలో నీటి బరువు మోసే ఖర్చూ తప్పుతుంది. దీనివల్ల సీమకు వచ్చే ఉద్యోగాలు కొంత తగ్గుతాయని అనేవారికి నా జవాబు, ఆ ఉద్యోగాల కోసం చిత్రావతి ఎగువన ఒక్క కొత్త పరిశ్రమ బోరు కూడా వేయడం తగదని.

వీటన్నిటినీ కదిలించగల చెయ్యి ప్రభుత్వానిది. బడి పుస్తకాల కోసం అది ఏటా భారీగా కాగితం కొంటుంది. 2020 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పిల్లలకు కిట్లుగా నోటుపుస్తకాలు కూడా అందుతున్నాయి. ప్రభుత్వం మారినప్పుడు కిట్ పేరు మారింది, కాగితం గిరాకీ మారలేదు. ఈ టెండర్లలో బరువు, తెల్లదనం అడగడంతో ఆపకుండా నాలుగు మాటలు చేర్చాలి: చదరపు మీటరు చొప్పున ధర; వెనక అక్షరం కనిపించనివ్వని గుణానికీ, చిరుగును ఆపే బలానికీ కనీస హద్దులు; రెండు శాతానికి తగ్గని కాల్షియం కార్బొనేట్; ఫిల్లర్ ఏ గని నుంచి, ఏ పొడి మిల్లు నుంచి వచ్చిందో తెలిపే పత్రం. నాలుగోది అధికారులకు చిరాకు కలిగిస్తుంది, టెండరు గడువు దాటిపోతుందని వాళ్లంటారు. జీఎస్టీ బిల్లు, గనుల శాఖ రవాణా పర్మిట్ రెండూ ప్రతి లారీతోనూ ఎలాగూ ఉంటాయి. వాటి నకళ్లను రీము వెంట జతచేయమనడమే ఇక్కడి కోరిక.